కాజీపేట దాటిన రాజేశ్వర్ రావు

వరంగల్ పాత బీటుబజారులో ట్రంకు పెట్టెలు అమ్మే రాజేశ్వర్ రావుకు ఒక అలవాటు ఉండేది. ప్రభుత్వం ఏదైనా కొత్త ఆంక్ష పెట్టిందని తెలియగానే ఆయన ఊరు విడిచి వెళ్లిపోయేవాడు. అరుపులూ కేకలూ ఉండవు. దుకాణానికి తాళం వేసి, పరుపుచుట్ట భుజాన వేసుకుని, బజారుకంతటికీ చేతులు జోడించి, శాశ్వతంగా వెళ్లిపోయేవాడు. సాధారణంగా సాయంత్రం చాయ్ వేళకు తిరిగి వచ్చేవాడు.

పక్క మలిగిలో గిన్నెల దుకాణం నడిపే వీరభద్రం ఈ శాశ్వత వియోగాలను ఎన్నింటినో చూశాడు. మొదట్లో బాధపడ్డాడు. తరువాత అలవాటు పడ్డాడు. ఆ తరువాత, నిజం చెప్పాలంటే, కొంచెం ఆశపడ్డాడు. రావు మలిగి కూడా తన చేతికి వస్తే నడుమ గోడ తీసేసి గంగాళాలు వరుసగా పేర్చుకోవచ్చునని ఆయన కల. రావు పరుపుచుట్ట కట్టిన ప్రతిసారీ వీరభద్రం కళ్లు ఆ గోడను కొలిచేవి. రావు తిరిగి వచ్చిన ప్రతిసారీ గోడ మళ్లీ గట్టిపడేది.

"మావోళ్లు రాజుతోటి కొట్లాడరు, వీరభద్రం," అనేవాడు రావు. "రాజుకు అబద్ధం చెప్పరు. లేచి పోతరు, అంతే."

ఆ వంశచరిత్ర బజారులో అందరికీ కంఠస్థం. మూలపురుషుడు మార్వాడవాడు. అక్కడి రాజు ఒంటె మెడలో గంటకు పన్ను వేస్తే, ఒంటెను వదిలేసి గంట మాత్రం పట్టుకుని మరాఠీ దేశంలోని జాల్నా దాకా నడిచాడు. జాల్నాలో ఆయన మునిమనుమడు, పొద్దుగూకిన కాసేపటికే దీపాలు ఆర్పాలని కొత్వాలు చాటింపు వేయిస్తే, బుద్ధిగా దీపం ఆర్పి ఆ చీకట్లోనే బయలుదేరాడు. ఆర్పమన్నారు గానీ ఉండమన్నారా? ఇక రాజేశ్వర్ రావు తాత పాలకుర్తి దిక్కు ఒక ఊళ్లో కుదురుకుంటున్నంతలో, దొరగారి గడీ ముందు గొడుగు ముడవాలన్నారు. ఆయన గొడుగు ముడవకుండా వరంగల్ దాకా నడిచి వచ్చాడు. అది నడి వేసవి కనుక ఇందులో పౌరుషం ఎంత, ఎండ ఎంత అన్నది వీరభద్రానికి ఎప్పుడూ సందేహమే. ఏమైనా, జాల్నాలో ఆ వంశానికి పేరు చివర రావు చేరింది, వరంగల్‌లో నోట్లోకి తెలుగు చేరింది, లేచిపోయే గుణం మాత్రం ఎక్కడా చెక్కుచెదరలేదు.

ఒకసారి రేడియోకు లైసెన్సు కట్టలేదని పోస్టాఫీసు మనిషి వచ్చాడు.

"వినుటానికి లైసెన్సా?" అన్నాడు రావు. "చెవులు నాయి, కరెంటు నాది. పాడేటోళ్లు పాడుతాండ్రు, నేను వింటాన్న. నడుమల సర్కారుకేం పని?"

"కట్టకుంటె జుర్మానా పడ్తది సేటూ."

"నీకెందుకు తక్లీఫ్? ఇగో, నేనే పోతాన్న."

పోయాడు. సాయంత్రం వచ్చాడు.

"ఏమైంది రావుసాబ్?" అని అడిగాడు వీరభద్రం.

"కాజీపేట దాకా పోయిన. అక్కడ చాయ్ దుకాణపోని రేడియో పాడుతాంది. లైసెన్సు వానిది, పాట నాది. గీ ఏర్పాటు మంచిగనే ఉన్నదనిపించింది."

మరునాటి నుంచి వీరభద్రం తన రేడియో గొంతు కాస్త పెంచి, మొహం రావు దుకాణం వైపు తిప్పి పెట్టవలసి వచ్చింది. "జర ఇటు మలుపు భాయ్, వార్తలు సగమే వినొస్తున్నయ్," అని ఫిర్యాదులు కూడా వచ్చేవి.

ఇంకోసారి సైకిల్ మీద ఇద్దరు ఎక్కరాదని చౌరస్తాలో కానిస్టేబుల్ ఆపాడు. వెనుక కూర్చున్నది రావు భార్య విజయలక్ష్మి.

"సైకిల్ నాది, పెండ్లాం నాది," అన్నాడు రావు. "ఇందుల డబుల్ సవారి ఏడున్నది?"

"నన్ను మీ లొల్లిల కలుపకు," అంటూ విజయలక్ష్మి అప్పటికే దిగి నడక మొదలుపెట్టింది. "నువ్వు కాజీపేటకు పొయ్యిరా. వచ్చేటప్పుడు కొత్తిమీర తే."

రావు పోయి వచ్చాడు. కాజీపేటలో వాన పడుతోందని కారణం చెప్పాడు. కొత్తిమీర పొడిగానే ఉంది.

ఎప్పుడు పోయినా కాజీపేటే. అక్కడికి రైలు ఎక్కి కూర్చున్నంతలోనే వస్తుంది. కారణాలు మాత్రం మారేవి: తిథి బాగా లేదు, కిటికీ పక్కన సీటు దొరకలేదు, ఎదుటివాడు చుట్ట తాగాడు. చివరికి బజారులో ఎవరైనా బీడీ మానేశానంటే, "కాజీపేట దాకనా, అవుతలికి సుతనా?" అని అడిగే మర్యాద ఏర్పడింది.

ఇలా ఉండగా ఎమర్జెన్సీ వచ్చింది. ఆ మరుసటి మాఘమాసంలో వీరభద్రం కూతురు భారతి పెళ్లి వచ్చింది. రెండింటికీ మధ్య ఒక ఆర్డరు వచ్చింది. తిండిగింజలు పొదుపు చేయవలసి ఉన్నందున శుభాశుభకార్యాలలో యాభై విస్తళ్లకు మించి వడ్డించరాదని.

తొర్రూరు నుంచి మగపెళ్లివారు రెండు లారీల్లో దిగారు. యాభై అన్న అంకె మొదటి లారీ సగం దిగేసరికే అయిపోయింది. తాళి కట్టడం అయ్యేసరికి ఒక ఇన్‌స్పెక్టరు కాగితాల ఫైలుతో వచ్చి పందిరి గుంజకు ఆనుకుని నిలబడ్డాడు.

"చూడుండ్రి సేటూ," అన్నాడాయన, ఏమాత్రం కోపం లేకుండా. "యాభై ఒకటో ఇస్తారి పడ్డదంటె గిన్నెలు జప్తు, మీరు ఠాణకు. ఈ దినాల్ల జామీను సుత దొరకది. నా మీద కోపం వెట్టుకోవద్దు."

అవతల పెళ్లికొడుకు మేనమామ గట్టయ్య మీసం మీద చెయ్యి వేశాడు. "బావా, మావోడు ఒక్కడు ఆకలితోటి తిరిగివోయినా, పిల్లను తోలుకపోకుంటనే లారీ ఎక్కుతం. మల్ల నన్ను అనవద్దు."

పెరట్లో బగారన్నం, పులిహోర, వంకాయ కూర, బూందీ లడ్డూలు కొండల్లా ఉన్నాయి. వాటి నడుమ బోర్లించిన గంగాళం మీద వీరభద్రం తల పట్టుకుని కూలబడ్డాడు. వడ్డిస్తే జైలు. వడ్డించకపోతే కూతురు పుట్టింట్లోనే. సరిగ్గా ఆ క్షణంలో పరుపుచుట్ట భుజాన వేసుకుని రాజేశ్వర్ రావు వచ్చాడు.

"తినుటానికి సుత హద్దేనా? ఇగ ఈ ఊర్ల ఉండ. పోతాన్న."

"రావుసాబ్, నీ కాళ్లు మొక్కుత," అన్నాడు వీరభద్రం. "ఇయ్యాల్టికి ఆగు. ఇయ్యాల నాకు నవ్వు రాదు."

రావు ఆయనను పట్టించుకోలేదు. నేరుగా ఇన్‌స్పెక్టరు దగ్గరికి వెళ్లాడు.

"సాబ్, మీ ఆర్డర్ల పెండ్లి ఉన్నదా?"

"ఉన్నది."

"చావు?"

"ఉన్నది."

"తొట్టెల, పుట్టెంటికలు, ఇల్లు జొరుడు?"

"అన్ని ఉన్నయ్."

"ఊరిడిసిపోయెటోణ్ణి సాగనంపుడు ఉన్నదా?"

ఇన్‌స్పెక్టరు మనస్సాక్షి ఉన్న మనిషి. ఆర్డరు తెలుగులో చదివాడు, ఇంగ్లీషులో చదివాడు, వెనక్కి తిప్పి ఖాళీ వైపు కూడా చూశాడు. లేదు.

"మా వంశంల ఒక ఆచారం ఉన్నది," అన్నాడు రావు, పురాణం విప్పిన గొంతుతో. "ఊరిడిసేటోడు తనను సాగనంప వచ్చినోళ్లందరి కడుపు నింపి రైలెక్కాలె. తొర్రూరు పెద్దమనుషులు నన్ను సాగనంపుతమని మాటిచ్చిండ్రు. ఇచ్చిండ్రా లేదా గట్టయ్యా?"

గట్టయ్యకు ఈయన ఎవరో తెలియదు. కానీ కడుపు నింపడం అన్న మాట స్పష్టంగా వినిపించింది. "మాటంటె మాటే," అన్నాడు.

మూలపురుషుడి కాలంలో రైళ్లెక్కడివని వీరభద్రానికి అనుమానం వచ్చింది. వెంటనే దాన్ని మింగేశాడు.

యాభై మంది పెద్దలు పందిట్లో భోంచేశారు. మిగిలిన తిండికి సామాను రూపం కావాలి గనుక, రావు తన దుకాణం తెరిచి కొత్త ట్రంకు పెట్టెలన్నీ బయటికి తీయించాడు. ఒకదాంట్లో పులిహోర, ఒకదాంట్లో లడ్డూలు, తాళం బుర్ర ఉన్న పెద్దదాంట్లో బగారన్నం. ముందు పరుపుచుట్టతో రావు, వెనుక ట్రంకులు మోస్తూ తొర్రూరు జనం, ఆ వెనుక మోదుగు విస్తళ్ల కట్టలు. ఒక మనిషి ఊరు విడిచి పోతుంటే ఇంత సంతోషంగా ఊరేగిన జనాన్ని బజారు ఎన్నడూ చూడలేదు.

స్టేషన్ ప్లాట్‌ఫారం మీద విస్తళ్లు పరిచారు. జనం కూర్చున్నారు. లడ్డూల పెట్టె మూత లేచింది. అప్పుడే ఇన్‌స్పెక్టరు చెయ్యి చాపాడు.

"టికెట్ చూయించుండ్రి."

రావు చూపించాడు. కాజీపేట.

"సేటూ, కాజీపేటకు మా బావమరిది పొద్దున సాయంత్రం పోయొస్తడు. దాన్ని ఊరిడుసుడు అనరు. ఇది పెండ్లి భోజనమే."

మూత మళ్లీ పడింది. గట్టయ్య మీసం లేచింది. వీరభద్రం ముఖం ఇత్తడి రంగు నుంచి స్టీలు రంగుకు వచ్చింది. రావు ఖాళీ విస్తళ్ల వరుసను ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశాడు.  టికెట్ల కిటికీ దగ్గరికి వెళ్లి, డబ్బు పెట్టి, "జాల్నా," అన్నాడు.

"తిరుగు టికెట్ సుత కావాల్నా?" అన్నాడు లోపలి గుమాస్తా.

"వద్దు."

విజయలక్ష్మి గబగబా వచ్చి ఆయన చొక్కా పట్టుకుంది. "ఏమయ్యా, నీకు మతి ఉన్నదా? జాల్నానా? నువ్వా?"

"నువ్వు జర ఊకో," అన్నాడు రావు.

ఇన్‌స్పెక్టరు టికెట్టును వెలుతురుకు పట్టి చూశాడు. "మంచిది. పదిహేను దినాల్ల మీరు ఈ ఊర్ల కనవడితె మాత్రం కేసే. మీ మీద కాదు, పెండ్లి చేసిన ఈ సేటు మీద. ఒప్పుకుంటాన్నరా?"

"మావోళ్లు సర్కారుకు అబద్ధం చెప్పరు."

ఇన్‌స్పెక్టరు ఫైలు మూశాడు. కాసేపు పులిహోర వైపు చూశాడు. "సాగనంపొచ్చినోళ్లల్ల నేను సుత ఉన్నట్టే కద?"

"ఉన్నట్టే సాబ్."

"అయితె జర ఆ మూలకు ఓ ఇస్తారి ఎయ్యిండ్రి."

వడ్డన సాగింది. రావు స్వయంగా వరుసల మధ్య తిరిగి, "ఇంకొంచెం, ఇంకొంచెం, నేను మల్ల కనవడ," అంటూ కొసరి పెట్టించాడు. తాను మాత్రం మెతుకు ముట్టలేదు. రైలు వచ్చింది. వీరభద్రం రెండు లడ్డూలు పట్టుకుని కిటికీ వెంట పరుగెత్తాడు.

"ఒక్కటన్న తిను రావుసాబ్!"

"వద్దు భాయ్, వద్దు," అన్నాడు రావు, లడ్డూ వైపు చూడకుండా. అప్పటికే ఆయన ముఖం పచ్చిమామిడి కాయలా ఉంది. రైలు కదిలింది. తొర్రూరు జనం ఎడమ చేతులెత్తి ఊపారు. కుడి చేతులకు తీరిక లేదు.

"గింత ఇష్టమైన లడ్డూ ఎందుకు వద్దన్నడు?" అని అడిగాడు వీరభద్రం.

విజయలక్ష్మి కొంగుతో కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. "అన్నా, ఆయనకు రైలు పడది. కాజీపేట దాకనైతె పండ్లు బిగవట్టి పోతడు. అది దాటిందంటె కడుపుల తిప్పుడే తిప్పుడు, కక్కుడే కక్కుడు. లేకుంటె ఎన్నిసార్లు పోయినా అక్కన్నే ఎందుకు దిగుతడు? మావోళ్లందరు నడిచొచ్చిండ్రని ఊకె చెప్తడు కదా. ఇనాం కింద రైలిచ్చినా ఎక్కకపోదురు, ఆ వంశమే గసొంటిది."

వీరభద్రం చేతిలో రెండు లడ్డూలు అలాగే ఉండిపోయాయి. భారతి ఆ సాయంత్రమే మేళతాళాలతో తొర్రూరు వెళ్లింది.

మూడో నాడు మలిగీల యజమాని వచ్చాడు. "రావు జాల్నాకు పోయిండట కద వీరభద్రం? ఎన్నాళ్ల నుంచో అడుగుతాన్నవు, ఆ మలిగి నీకే ఇస్త."

వీరభద్రం గోడ వైపు చూశాడు. "జాల్నా అని ఎవరన్నరు? కాజీపేట దాకనే. వస్తాండు," అన్నాడు. ఆ పదిహేను రోజులూ విజయలక్ష్మి ట్రంకులు కడిగి ఎండబెడుతూనే ఉంది. అయినా ఆ ఏడు వరంగల్‌లో ట్రంకు కొన్న చాలా ఇళ్లలో పట్టుచీరలు ఇంగువ వాసన వేశాయి.

గడువు తీరాక రావు వచ్చాడు. చొక్కాలో ఇంకో మనిషి పట్టేంత చిక్కిపోయాడు.

"ఏం రావుసాబ్, తిరిగొచ్చినవ్?"

"జాల్నాల మనకంటె ఎక్కువ ఆర్డర్లున్నయ్ భాయ్. మావోళ్లు గదంత చూసే అప్పుడు లేచొచ్చిండ్రు."

"రైల్ల ఎట్లుండె?"

"హాయిగ ఉండె," అన్నాడు రావు, గోడకు ఆనుకుంటూ. "మహా హాయి."

వీరభద్రం దుకాణానికి తాళం వేశాడు. రావు చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకుపోయాడు. నడవలో ఒక పీట, ఒక విస్తరి. పెళ్లినాటి వంటవాళ్లే పెళ్లినాటి వంటలే వండి నిలబడ్డారు.

"ఇదేంది?"

"భారతి పెండ్లి భోజనం. నీ వంతు ఉండిపోయింది."

రావు వీధి వైపు తొంగి చూశాడు. "ఆర్డరు ఇంక ఉన్నది కదా?"

"ఇస్తారి ఒక్కటే కద. కూసో."

రావు కూర్చున్నాడు. బగారన్నం వచ్చింది, పోయింది. పులిహోర వచ్చింది, పోయింది. లడ్డూల గంపను వీరభద్రం తానే మోసుకొచ్చి, పక్కనే దించి, వడ్డించడం మొదలుపెట్టాడు. కొంతసేపటికి వంటవాళ్లు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు.

"తిను రావుసాబ్, భయపడకు," అన్నాడు వీరభద్రం. "మనుషులకే హద్దు పెట్టిండ్రు, లడ్డూలకు పెట్టలే."

"పెట్టకపోవుడే మంచిది," అన్నాడు రాజేశ్వర్ రావు గంభీరంగా, విస్తరిని మరికాస్త దగ్గరికి లాక్కుంటూ. "పెట్టిండ్రనుకో, నేను మల్ల రైలెక్కాలె."