పక్క తలుపు వెనక ధార

మా ఏరాలు, అంటే మా మరిది భార్య, బాత్రూములో కూర్చున్న చప్పుడు వింటే నాకు ఒళ్లు మండేది. చెప్పుకోవడానికి ఎంత సిగ్గుగా ఉన్నా నిజం అదే.

ఇద్దరం సుల్తాన్‌పూర్‌లో సిరంజిలు ప్యాక్ చేసే ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్లం. లోపలికి వెళ్లాలంటే టోపీ, మాస్కు, గౌను, కాళ్లకు కవర్లు. బాత్రూముకు వెళ్తే అన్నీ విప్పి మళ్లీ కొత్తవి తొడుక్కోవాలి. అందుకే షిఫ్టులో ఆడవాళ్లెవరూ గుక్కెడు నీళ్లు తాగరు. కాన్పుల తర్వాత మా ఇద్దరికీ దగ్గితే, తుమ్మితే బట్టలు తడిసేవి. ఒకే డాక్టరమ్మ దగ్గర, ఒకే వారంలో ఆపరేషన్ చేయించుకున్నాం. మూత్రం కారకుండా మూత్రనాళం కింద ఆసరాగా సన్నటి జాలీ పట్టీ వేసింది.

ఏరాలికి బాగైపోయింది. నాకు తడవడం ఆగింది, దాంతో పాటు మూత్రమూ ఆగింది. ఎంతసేపు కూర్చున్నా చుక్కలే. పక్క తలుపు వెనక దానికి నల్లా విప్పినట్టు ధార!

"అయిందా అక్కా? జల్దీ రా, ప్యాకింగ్ లైను ఆగుతది!" అని పైగా కేక.

ఒకే చెయ్యి కదా ఇద్దరికీ కోసింది, దీనికే ఎందుకు కలిసిరావాలి అని పళ్లు నూరుకునేదాన్ని.

"నీకెట్లుందక్కా?" అంటే, "నాకేంది, మస్తుంది" అనేదాన్ని. దాని ముందు చిన్నబోతానా?

మూత్రం పోసేటప్పుడే కదా బాధ అని ఫ్యాక్టరీ అలవాటు ఇంట్లోనూ పట్టుకుని నీళ్లు మానేశాను. ఒకరోజు చలిజ్వరం, పొత్తికడుపు రాయిలా గట్టిపడింది. ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్లింది ఆ ఏరాలే.

డాక్టరమ్మ గొట్టం వేసి మూత్రం తీసింది. "పట్టీ బిగుసుకుంది. ఇన్ని రోజులు ఎందుకు చెప్పలేదమ్మా? కిడ్నీలు ఖరాబైతయ్. పట్టీ కోస్తే మూత్రం వస్తది, కానీ దగ్గితే తడిసే పాత బాధ మళ్లీ రావచ్చు" అంది. కోయించుకోక తప్పలేదు.

గొట్టం తీసిన రోజు నేను బాత్రూములో, ఏరాలు తలుపు బయట. రాకపోతే మళ్లీ గొట్టం, సంచీతోనే ఇంటికి. కాసేపటికి ధార పడింది.

"వచ్చింది! మా అక్కకు వచ్చింది!" అని వార్డంతా వినేలా అరిచింది పిచ్చిది. నర్సు కసిరింది. నాకు నవ్వు ఆగలేదు. నవ్వుతుంటే, అప్పుడే కట్టుకున్న చీర తడిసింది.

బయటికొచ్చేసరికి ఏరాలు కడుపు పట్టుకుని నవ్వుతోంది, కాళ్లు దగ్గరికి బిగించుకోకుండా, హాయిగా. దాన్ని గట్టిగా వాటేసుకున్నాను. అయినా నా కళ్లు దాని చీర మీదికే పోయాయి. పొడిగా ఉంది.