ఊపిరి లెక్కకి కొసరు

మా వైపు జనం నేను చెప్పేదాంట్లో సగం తీసి పక్కన పెట్టి, తక్కిన సగమే నమ్ముతారు. తప్పులేదు. సాలూరు ఘాట్ రోడ్డులో పులి మా లారీకి పక్కకి తప్పుకుని దారిచ్చిందని చెప్పినవాణ్ణి నేనే. ఈ చింతపిక్కల సంగతి మాత్రం తరుగు తియ్యకుండా నమ్మండి.

అరవైల చివర్లో మా అప్ప, అంటే మా అక్క, కూతురికి తొమ్మిది నెలల వయసులో నెమ్ము చేసింది. విజయనగరంలో ఒక డాక్టరు గారు వారం రోజులు దగ్గరుంచుకుని, సూదులు వేసి, బతికించి పంపారు. దూరపు ఊళ్ల రోగుల్ని తానున్న చోటి నుంచే కనిపెట్టుకుని ఉండడం కుదురుతుందా అని ఆయనకో పరిశోధన. దానికో లావుపాటి నోటుబుక్కు. మా ఊరేమో సాలూరు దాటాక కొండ కింద. ఫోను మాట దేవుడెరుగు, పోస్టు కూడా ఓపిక ఉన్నప్పుడే వచ్చేది.

ఇసుక రాలడానికి సరిగ్గా నిమిషం పట్టే గాజుబుడ్డి ఒకటి అప్ప చేతిలో పెట్టారాయన. పొద్దున్నే పిల్ల నిద్రలో ఉండగా బుడ్డి తిరగెయ్యాలి. పొట్ట లేచినప్పుడల్లా ఒక చింతపిక్క గిన్నెలో వెయ్యాలి. ఇసుక అయిపోగానే పిక్కలు మూటకట్టి పంపాలి. చదువురాని ఇంట్లో కూడా ఈ పద్ధతి నడవాలని ఆయన పట్టుదల. "యాభై దాటాయంటే నెమ్ము తిరగబెట్టినట్టే" అన్నారు.

బుడ్డి తిప్పేది నేను. పిక్కలు వేసేది అప్ప. మూట కట్టేది సాలూరు సంతలో చింతపండు, ఉలవలు అమ్మే మా అమ్మ. మోసేది బావ. రోజూ విజయనగరానికి లారీ తోలే బావ, కూతురి ఊపిరిని చొక్కా జేబులో పెట్టుకుని వెళ్లేవాడు.

మొదటి రోజు పిల్ల పాలు తాగింది. రెండో రోజు నవ్వింది. "జాగ్రత్తగా చూడండి" అని డాక్టరు గారు బావతో కబురు పంపారు. ఇంత బాగుంటే ఇంకేం చూడాలో మాకు తోచలేదు. మూడో రోజు లేచి కూర్చుని నా చెవి కొరికింది.

ఆ మధ్యాహ్నమే, రాకూడని వేళ, బావ లారీ వచ్చి గుమ్మం ముందు ఆగింది. అందులోంచి డాక్టరు గారు దిగారు. బావ మొహంలో నెత్తురు చుక్క లేదు. అప్ప గొల్లుమంది.

డాక్టరు గారు చెప్పులు విడిచి గబగబా పిల్ల దగ్గరికి వెళ్లారు. అది ఆయన స్టెతస్కోపు గొట్టం లాక్కుని నోట్లో పెట్టుకుంది. దాని చేత గొట్టం వదిలించి, గడియారం చూస్తూ ఊపిరి లెక్కపెట్టారు. ముప్పై ఎనిమిది. ఆ పొద్దున మేం పంపిన మూట విప్పి చాప మీద పోశారు.

"ఇవి యాభై నాలుగు. రోజురోజుకీ పెరుగుతున్నాయి. ఎవరు లెక్కపెట్టింది?"

అందరూ నా వైపు చూశారు.

"ఈడేనండి!" అన్నాడు బావ. "ఉన్నదున్నట్టు సెప్తే ఈడికి అన్నం అరగదు. ఒరే, నా కూతురి ఊపిరి మీద కూడా కోతలేటిరా? లారీ ఎలా తోలినానో తెలుసునా? రోడ్డు అవుపళ్లేదురా నాకు!"

"నీ తోడు బావా, బుడ్డి తిప్పినానంతే!"

పుట్టి బుద్ధెరిగాక నేను నిజం చెప్పిన కొద్ది రోజుల్లో అదొకటి. ఒక్కరూ నమ్మలేదు.

వంటింట్లోంచి అమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "ఆడినేటంటారు? నానే ఏసినాను."

"ఏటేసినావు?" అంది అప్ప.

"కొసరు."

అందరి కళ్లూ నా మీంచి అమ్మ మీదికి తిరిగాయి.

"ఏటలా సూస్తారు? పిల్లకి పేణం పోసిన బాబుకి సరిగ్గా తూసినట్టు పంపుతానేటి? సంతలో దారినపోయినోడికే గుప్పెడు కొసరేస్తాను. మొదటి రోజు రెండు మూడు ఏసినాను. పిల్ల నవ్వినాదని నిన్న ఇంకాసిని. లేచి కూకున్నాది కదాని ఇయ్యాల గుప్పెడు."

అదీ జరిగింది. ఇక్కడ పిల్ల కోలుకున్నకొద్దీ కొసరు పెరిగింది. కొసరు పెరిగినకొద్దీ అక్కడ విజయనగరంలో పిల్లకి జబ్బు ముదిరింది.

బావ గోడకి జారబడి కూర్చుని మొహం తువ్వాలులో దాచుకున్నాడు. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియలేదు. డాక్టరు గారు నోటుబుక్కు తీశారు, మూసేశారు.

"అమ్మా, కొసరు మానొద్దు. రేపట్నుంచి లెక్క ఒక మూట, కొసరు ఒక మూట కట్టు."

ఆ నెలంతా రెండు మూటలూ వెళ్లాయి. డాక్టరు గారు ముందు కొసరు మూట అందుకుని, బరువు చూసి, చిన్నగా నవ్వుకుని, అప్పుడు లెక్క మూట విప్పేవారట. ఇది బావ చెప్పిన మాట. బావ కోతలు కొయ్యడు.