మీ ఇల్లే అనుకోండి

మా ఊళ్ళో మర్యాదకి లోటుండదు. దారిన పోయేవాణ్ణి కూడా "భోంచేసి వెళ్ళండి" అని పిలుస్తాం. అతను నిజంగా చెప్పులు విప్పాడా, వంటింట్లో కంగారు మొదలవుతుంది. మా మెయిన్ రోడ్డు బాగుపడింది ఆ కంగారు వల్లే.

ఆ రోడ్డులో నాకు జాకెట్టు ముక్కలూ, ఫాల్సూ అమ్మే మ్యాచింగ్ సెంటర్ ఉంది. పొద్దున్న తాళం తీస్తే మళ్ళీ రాత్రికే ఇల్లు చేరడం. రోడ్డు పొడుగునా బంగారం కొట్లున్నాయి, బట్టల షోరూములున్నాయి. ఆడది బాత్రూంకి వెళ్ళాలంటే మాత్రం చోటు లేదు. మగవాళ్ళకి కాలవగట్టుంది, సిగ్గు లేదు, సరిపోయింది. నేనూ, పక్క కొట్లో టైలరమ్మా, ఎదురుగా పూలమ్మే ఆవిడా సాయంత్రందాకా గొంతు తడుపుకునేవాళ్ళం కాదు. నా బల్ల మీద మంచినీళ్ళ సీసా ఎండాకాలంలో కూడా అలంకారానికే ఉండేది. ఒంట్లో బాగాలేక వెళ్తే, నీళ్ళు తాగకుండా ఎలా బతుకుతున్నావని డాక్టరమ్మ తిట్టిపోసింది.

ఇంతలో మున్సిపాలిటీ వాళ్ళు మెయిన్ రోడ్డుని అందంగా చేస్తామని మీటింగు పెట్టి, కొట్లవాళ్ళందర్నీ పిలిచారు. తెర మీద బొమ్మలు చూపించారు. ఫౌంటెనట, రంగు లైట్లట, ఎర్ర గుండె బొమ్మ పక్కన ఊరి పేరు నిలువెత్తు అక్షరాలతో పెడతారట, అక్కడ సెల్ఫీలు దిగాలట. నేను లేచాను.

"అన్నీ బాగున్నాయండి. ఆడవాళ్ళకి బాత్రూం ఎక్కడండి?"

అందరూ ఒప్పుకున్నారు. అవసరమే అన్నారు, ఇన్నాళ్ళూ లేకపోవడమే తప్పన్నారు. ఎక్కడ కడదామనేసరికి మాత్రం ఒక్కొక్కరూ మొదలెట్టారు. "మా గుమ్మంలో లక్ష్మీదేవి పటం ఉందండి" అన్నాడు బంగారం కొట్టాయన. "తినే వస్తువులండి బాబూ" అన్నాడు స్వీట్ల కొట్టాయన. "మా షోరూం ముందా!" అని బట్టల కొట్టాయన గుండె పట్టుకున్నాడు.

అప్పుడు మా వార్డు కౌన్సిలర్ గారు మైకందుకున్నారు. వారి మేడ మెయిన్ రోడ్డు వెనక సందులోనే.

"మా ఇల్లుండగా మన ఆడపడుచులకి ఇబ్బందేంటండీ? ఎప్పుడైనా రండి. మీ ఇల్లే అనుకోండి!"

చప్పట్లు మోగాయి. బాత్రూం గొడవ అక్కడితో సరి, ఫౌంటెన్ ఎంత ఎత్తుండాలో మాట్లాడుకున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. కానీ అంత పెద్దమనిషి పిలిచాక వెళ్ళకపోతే ఏం బాగుంటుంది?

మర్నాడే వెళ్ళి గేటు తట్టాను. కౌన్సిలర్ గారి భార్య తలుపు తీసింది.

"ఆయనతో పనేంటండి?"

"ఆయనతో కాదండి, మీ బాత్రూంతో. మీటింగులో వారే రమ్మన్నారండి."

ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, పక్కకి తప్పుకుంది. నేను బయటికొచ్చేసరికి కాఫీ గ్లాసుతో నిలబడి ఉంది.

"వద్దండి. తాగితే మళ్ళీ రావాలి."

ఆవిడ నవ్వబోయి ఆగిపోయింది. "అంటే రోజంతా ఏమీ తాగరా వదినగారూ?"

"ఆయ్. కొట్టు పెట్టిన దగ్గర్నుంచీ అంతేనండి."

ఆవిడ కాఫీ గ్లాసు పక్కన పెట్టి, గేటుదాకా వచ్చి సాగనంపింది.

ఆ తర్వాత టైలరమ్మని పంపాను. పూలావిడని పంపాను. షోరూముల్లో పనిచేసే ఆడపిల్లలొచ్చారు. పెళ్ళిబట్టలకి ఊళ్ళనుంచి వచ్చిన ఆడవాళ్ళు కొట్లో మెల్లగా చెవిలో అడిగితే, నేను గట్టిగానే చెప్పేదాన్ని. "ఆ సందులో తెల్లమేడండి. మొహమాటపడకండి, వారే మైకులో పిలిచారు!" గేటు దగ్గర చెప్పులగుట్ట చూసి, సత్యనారాయణ వ్రతమనుకుని ఒకాయన ప్రసాదానికి వెళ్ళి కూర్చున్నాడట.

ఒకరోజు నేను వెళ్ళేసరికి కౌన్సిలర్ గారు తువ్వాలు భుజాన వేసుకుని వరండాలో పచార్లు చేస్తున్నారు.

"ఏంటమ్మా ఇది?"

"మీ ఇల్లే అనుకోమన్నారు కదండీ. అనుకున్నామండి."

"మర్యాదకన్నానమ్మా!"

"మేమూ మర్యాదకే వచ్చామండి. పిలిస్తే రాలేదని మీరు నొచ్చుకోరూ?"

లోపల్నుంచి ఆయన భార్య కేకేసింది. "కాస్త ఆగండి, లోపల పెళ్ళివారున్నారు! రోడ్డు మీద మీరు కట్టించేదాకా ఇక్కడికే వస్తారు. నేను మాత్రం ఎవర్నీ పొమ్మనను."

ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకున్నారు. నాకు జాలేసింది గానీ, నా తొందర నాది. లోపలికెళ్ళిపోయాను.

తర్వాతి మీటింగులో ఆయనే అందరికంటే ముందు మైకు లాక్కున్నారు. ఫౌంటెన్ వద్దు, ఆ చోట ఆడవాళ్ళకి బాత్రూం కట్టాలన్నారు. బట్టల కొట్టాయన లేచి "మా షోరూం ఎదురుగా..." అనబోయాడు.

"అయితే రేపట్నుంచి మీ ఇంటికి పంపిస్తానండి" అన్నారు కౌన్సిలర్ గారు.

బట్టల కొట్టాయన కూర్చున్నాడు. ఇంకెవరూ లేవలేదు.

కట్టారు. నీళ్ళొస్తాయి, తలుపుకి గడియ పడుతుంది, శుభ్రం చేయడానికి మనిషి ఉంది. గుండె బొమ్మ దాని పక్కనే పెట్టారు కాబట్టి మా ఊళ్ళో ఎవరు సెల్ఫీ దిగినా వెనకాల 'స్త్రీలు' అన్న బోర్డు పడుతుంది. చూసినప్పుడల్లా నాకు భలే ఆనందం.

అది తెరిచిన రోజు మిట్టమధ్యాహ్నం కౌన్సిలర్ గారి భార్య ఫ్లాస్కు పట్టుకుని నా కొట్లోకొచ్చింది. కాఫీ పోసి, గ్లాసు నా ముందు పెట్టింది.

"ఇప్పుడు తాగుతారా వదినగారూ?"

తాగాను. బల్ల మీది సీసా ఎత్తి నీళ్ళు కూడా గడగడా తాగాను. ఏడుపొచ్చేసింది. బేరానికొచ్చినవాళ్ళు చూస్తున్నా ఆపుకోలేదు. కళ్ళు తుడుచుకుని, ఆవిడ ముందుకి మళ్ళీ గ్లాసు చాపాను.

"ఇంకాస్త పొయ్యండి."