జంపక్క యాసిడ్ తాగలేదు

జంపక్క యాసిడ్ తాగిందని మా వీధిలో అందరూ అనుకుంటారు. మొగుడు రామన్న కల్లు తాగొచ్చి కొట్టాడట, ఆ కోపంలో బాత్‌రూం కడిగే యాసిడ్ గొంతులో పోసుకుందట, అందుకే గొంతు అలా బొంగురుపోయిందట. చెప్పేవాళ్లు కళ్లారా చూసినట్టే చెబుతారు. మా ఎదురింటి సరళ అయితే రామన్న కుడిచేయి ఎత్తి చెంప మీద కొట్టాడని కూడా చెప్పింది. సెంట్రింగు పని చేస్తూ కిందపడినప్పటి నుంచి రామన్న కుడిచేయి భుజం దాటి లేవక చాలా ఏళ్లయింది. తువ్వాలు తలకు చుట్టుకోవాలన్నా జంపక్కే చుట్టాలి. ఆ మాటంటే సరళ, "అయితే ఎడమ చేత్తో కొట్టిండేమో పిన్నీ" అంది.

అక్కడ మొదలైంది నా అనుమానం. యాసిడ్ తాగిన మనిషికి నోరు పుండవుతుంది కదా! దవాఖానా నుంచి వచ్చిన మూడో రోజున మా ఇంట్లో పచ్చిమిరపకాయ పచ్చడితో అన్నం తిని, ఇంకొంచెం వెయ్యమంది జంపక్క. ముద్ద దిగడానికి ఏ ఇబ్బందీ లేదు. అడుగు తీసి అడుగు వేయడానికే ఇబ్బంది. నాలుగు మెట్లెక్కితే గోడ పట్టుకుని నిలబడిపోతుంది. పోసుకున్నది గొంతులోనైతే, చెడింది ఊపిరెందుకు?

జంపక్కది చర్ల దాటాక అడవి లోపల ఒక కోయగూడెం. పనులు వెతుక్కుంటూ మొగుడూ పెళ్లాలు భద్రాచలం వచ్చి కరకట్ట కింద గుడిసె వేసుకున్నారు. ఇక్కడే నాలుగిళ్లలో పని కుదిరింది. బడి మొహం చూడలేదు. సీసాల మీద ఏం రాసుందో తెలియదు, తెలియాల్సిన అవసరం ఉందని కూడా ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఏ డబ్బాలో ఏముందో ఆమె ముక్కుకు తెలుసు. చిన్నప్పుడు అడవిలో దుంప తవ్వితే, కొంచెం గిల్లి ముక్కు దగ్గర పెట్టుకుని చూసిన తర్వాతే బుట్టలో వేసేవాళ్లట. ఆ అలవాటు ఇక్కడా పోలేదు. కొత్త డబ్బా ఇస్తే మూత తీసి వాసన చూసేది. మా ఇంట్లో నూనె కాస్త పాతబడితే నాకంటే ముందు ఆమెకే తెలిసేది. "పెద్దమ్మా, ఇది దీపానికి పెట్టు, కూరకు పనికి రాదు" అనేది.

మొన్నటి వరదలో గోదావరి మా వీధిలోకి వచ్చింది. నీళ్లు తీశాక ఇళ్లన్నీ బురద, చచ్చిన చేపల కంపు. వరద పోయాక మా దగ్గర ఇంటింటా చేసే పని ఒకటుంది. బ్లీచింగ్ పౌడర్ సంచులు పంచిపెడతారు, దాన్ని గడప ముందు, మోరీ కాల్వల వెంట, బాత్‌రూంలో మందంగా చల్లి వదిలేస్తాం. ఎంత తెల్లగా కనబడితే అంత శుభ్రమని మాకు నమ్మకం. జంపక్క నాలుగిళ్లలోనూ అదే పనిలో ఉంది.

కడపటి ఇల్లు ప్రసూనది. మొగుడు కాంట్రాక్టరు, కోస్తా నుంచి వచ్చి ఇల్లు కట్టుకున్నారు. మనిషి చెడ్డది కాదు, కానీ పనివాళ్ల చేతికి పెద్ద డబ్బా ఇవ్వదు. సబ్బుపొడైనా, బాత్‌రూం మందైనా బీరువాలో పెట్టి తాళం వేసి, ఏ రోజుకారోజు చిన్న సీసాలో పోసి ఇస్తుంది. ఎక్కువ వాడేస్తారని ఆమె భయం. ఆ రోజు జంపక్క బాత్‌రూం నేల మీద పౌడర్ చల్లి రుద్దింది. టైల్స్ సందుల్లో నల్లటి బురద పోలేదు. ఆ మాట చెబితే, ప్రసూన ఖాళీ ఆవకాయ సీసాలో ఏదో పోసి తలుపు సందులోంచి అందించింది. సీసా మీద మామిడికాయ బొమ్మ.

"తలుపు దగ్గరగా వేసుకో జంపక్కా, కంపు దేవుడి గదిలోకి వస్తోంది" అంది.

జంపక్క మూత తీసి వాసన చూసింది. బ్లీచింగుతో అప్పటికే ముక్కు మొద్దుబారి ఉంది, ఏమీ తెలియలేదు. తలుపు వేసుకుని నేల మీద పోసింది. నేల బుసబుసా పొంగింది. ఎప్పుడూ అలా పొంగలేదే, ఇదేదో తేడాగా ఉందని, అడవిలో చేసినట్టే చేసింది. మోకాళ్ల మీద కూర్చుని, నేలకు ముఖం దగ్గరగా పెట్టి, గట్టిగా వాసన పీల్చింది.

తలుపు గడియ ఎటుందో తెలియలేదట. తెలిసి తీసుకుని బయటపడేసరికి కళ్లలోంచి, ముక్కులోంచి నీళ్లు కారిపోతున్నాయి. పక్కనున్నవాళ్లు చేతిలో సీసా చూసి "యాసిడ్, యాసిడ్" అని అరిచి మజ్జిగ తాగించారు.

ఇంతవరకూ నాకు తర్వాత తెలిసింది. అప్పుడు నాకున్నది ఆమె పచ్చడి తిన్ననాడు కలిగిన అనుమానం ఒక్కటే. మా మోరీ పూడుకుపోయింది, కాస్త యాసిడ్ పొయ్యమ్మా అంటూ గ్లాసు పట్టుకుని, అది జరిగిన ప్రసూన ఇంటికే వెళ్లాను. ఆమె బీరువా తెరిచింది. డబ్బా తీసింది. నేను కళ్లద్దాలు పెట్టుకున్నాను.

నేను చదివింది అయిదో క్లాసు. డబ్బా మీది అక్షరాలు చీమల బారులా ఉన్నాయి. అయినా తెలుగే కదా, కూడబలుక్కుని చదివాను. ఎర్ర గడిలో ఒక బొమ్మ, పైనుంచి చుక్కలు పడి చెయ్యి తినేసినట్టు. దాని పక్కనే, బ్లీచింగ్ పౌడరుతో కలపరాదు, విషవాయువు వెలువడును, తలుపులు కిటికీలు తెరిచి ఉంచి వాడవలెను అని ఉంది.

"ఇది చదివినవా అమ్మాయ్?" అన్నాను.

"ఇవన్నీ ఎవరు చదువుతారు పిన్నిగారూ? ప్రతి డబ్బా మీదా ఏదో ఒకటి రాస్తారు. అయినా దాన్ని నేనేమన్నా ముట్టుకుంటానా?"

"ముట్టుకునేదానికి నువ్వు పోసిచ్చింది ఆవకాయ సీసా. దాని మీద ఏముంటది? ఉప్పూ కారం ఉంటది."

ఆమె ముఖం మాడిపోయింది. బీరువాకు తాళం వేసింది. "తాగిందని నేను ఎవరితోనూ అనలేదు. మీరేదో నన్ను అంటున్నారు గానీ, దవాఖానాలో నర్సు అడిగితే తాగానని చెప్పింది జంపక్కే. కావాలంటే అడగండి" అంది. గ్లాసులో యాసిడ్ పొయ్యనే లేదు.

ఆ మాట నన్ను నిద్ర పోనివ్వలేదు. తాగకుండానే తాగానని ఎవరైనా చెప్పుకుంటారా? అది కూడా మొగుడి పరువు తీస్తూ?

దవాఖానా నుంచి వచ్చాక జంపక్క మళ్లీ నాలుగిళ్లకూ వెళ్లింది. అందరూ అయ్యో పాపం అన్నారు, ఒకరు పాత చీర ఇచ్చారు, ఒకరు దేవుడికి మొక్కుకోమన్నారు. రామన్న ఎదురైతే మాత్రం ముఖం తిప్పుకున్నారు. ఆమె ఎంత ప్రయత్నించినా బాత్‌రూం తలుపు తీయగానే దగ్గు తెర ఆగేది కాదు. చీపురు ఒక చేత్తో, గోడ ఒక చేత్తో. ఒక్కో ఇల్లే మానేసింది. ఇప్పుడు గుడిసె ముందు కూర్చుని అడ్డాకులతో విస్తళ్లు కుడుతుంది. ఆకుల వాసన తెలుస్తోందా అంటే, తెలియడం లేదంది.

నేను వెళ్లేసరికి పుల్ల గుచ్చుతూ ఉంది. పీట జరిపి కూర్చోమంది. రామన్న లోపల పడుకుని ఉన్నాడు. ఇంకా చుట్టూ తిప్పి అడగడం నాకు చేతకాలేదు.

"ఏందే జంపక్కా, నువ్వు తాగలేదు. నాకు తెల్సింది. డబ్బా మీద చదివిన. మరి తాగిన అని నర్సుకు నువ్వే ఎందుకు చెప్పినవ్? రామన్నను ఊరంతా తిడుతుంటే వింటలేవా?"

పుల్ల ఆపింది. లోపలికి ఒకసారి చూసింది. దగ్గు వచ్చింది, అది తగ్గేదాకా ఆగింది.

"అవ్ పెద్దమ్మా, నేనే చెప్పిన. ప్రసూనమ్మ పక్కనే నిలబడ్డది. ఆమె ఇచ్చిన సీసాతోని గిట్లయింది అంటే ఆ వీధిల ఏ తలుపు తీస్తరు నాకు? నాకే తెల్వక కలిపిన అంటే, దీనికి మందులు తెల్వయ్, మనింట్ల ఎవరినన్న చంపుతది అంటరు. తాగిన అంటే పాపం అంటరు, మల్ల పిలుస్తరు. రామన్నను అడిగే చెప్పిన. తిట్టేటోళ్లను తిట్టనియ్, పని పోతే తినేదేంది అన్నడు. పిలిచిండ్రు గూడ. నువ్వు గూడ పాపమనే పిలిచినవ్ గదా పెద్దమ్మా. ఇప్పుడంటే చేసే ఊపిరే లేదు. చెప్పుకుంటే చెప్పుకో, ఎవరికన్న."