లుడ్విక్ మామ కట్టిన పురుగు

పక్షవాతం తగ్గినా లుడ్విక్ మామ కుడిచేతి వణుకు పోలేదు. గాలానికి కుందేలు బొచ్చు చుట్టి, సన్నని రాగితీగ బిగించి, ట్రౌట్ చేపల కోసం నీటిపురుగులాంటి ఎర కట్టడంలో దునాయెట్స్ నది ఒడ్డున ఆయన్ని మించినవాళ్లు లేరు. జబ్బుపడ్డ ఆరు నెలల తరవాత మళ్లీ ఒకటి కట్టాడు. బొచ్చంతా రేగిపోయింది.

"ఇది పురుగా, పిల్లి కక్కిందా?" అంది హలీనా అత్త.

"దీన్ని చూస్తే చేపలు నవ్వుతాయి. ఇక కట్టను. ఆ కుందేలు తోలు పొయ్యిలో పడెయ్" అన్నాడాయన.

ఆ ఎరను నేను అడిగి తీసుకున్నాను. మర్నాడు నదిలో దిగి, అడుగు రాళ్ల మీదుగా దొర్లనిచ్చాను. మూడోసారికే చేప పడింది. దాన్ని నీళ్లలోకి వదిలేసి, వచ్చి చెప్పాను.

"జాలిపడి అబద్ధాలాడకురా" అంటూ మామ ఎర లాక్కుని, కిటికీ దగ్గర భూతద్దం పెట్టి చూశాడు. రాగితీగ తెగి వేలాడుతోంది.

"చేప పళ్లు దిగాయే" అన్నాడు మెల్లగా. భూతద్దం పక్కన పెట్టి, "హలీనా, ఆ తోలు కాల్చేశావా?"

"నువ్వు చెప్పినవన్నీ చేస్తానా ఏంటి" అంటూ అత్త ఏప్రన్ జేబులోంచి తోలు తీసి, ఆయన వణికే చేతిలో పెట్టింది.