కాలవకు పోసిన మంచినీళ్లు

మా వీధి శానిటరీ ఇన్‌స్పెక్టరు సారు మొన్న బేస్తవారం పోయినాడు. "మురిక్కాలవ సారు పోయినాడంట" అని పాలామె చెప్పిపోయింది. చచ్చినా ఆ పేరు మాత్రం వదల్లేదు చూడండి ఆయన్ను.

సైకిలుకు సీసాల సంచి తగిలించుకోని వారానికొకసారి వచ్చేవాడు. కళ్యాణదుర్గం కరువులో కాలవలు పారేదే అంతంతమాత్రం. ఆ నాలుగు చుక్కలే సీసాకు పట్టి, బస్సులో అనంతపురానికి పరీక్షకు పంపేవాడు. కాలవలో కలరా కనపడితే ఆ వీధికి ముందుగా సూదులేస్తారు. "మనిషి రోగం దాస్తాడమ్మా, కాలవ దాయదు" అనేవాడు.

"ఏమప్పా, మా పాచినీళ్లలో ఏం ఎతుకుతాండావు?" అని మా మొగోళ్లు ఎగతాళి చేసేవాళ్లు. ఆడోళ్లకు మాత్రం భయం. పై వీధి కాలవలో కలరా ఉండాదని తేలినప్పుడు, ఆడ పిల్లను చూడనొచ్చినోళ్లు గడప తొక్కకుండానే మళ్లుకున్నారు. సూదులు పడి ఆ వీధిలో ఒక్క ప్రాణమూ పోలేదు. మా కండ్లకు అది ఆనలేదు, చెడిపోయిన సంబంధమే ఆనింది.

ఆరేండ్ల కింద మా వీధిలో ఇద్దరికి వాంతిబేదులు పట్టుకున్నాయి. సారు వచ్చే పొద్దుకు, తాగను కరువైన నీళ్లు బిందెలతో తెచ్చి కాలవ కడిగి పారించినాం. బుద్ధుండే మనుషులు చేసే పనేనా అది?

"ఏమమ్మా, ఈపొద్దు కాలవ బాగా పారతాండాదే?"

"మా ఇంటికి చుట్టాలొచ్చినారు సారూ, స్నానాలు చేసినారు" అని చెప్పింది నేనే.

సీసాలో ఏమీ లేదని జవాబొచ్చింది. సూదులు వేరే వీధికి పోయినాయి. పది దినాలకు నాలుగేండ్ల నా బిడ్డ పోయింది.

సారు మా గడపలో కూలబడి ఏడ్చినాడు. "నా సీసా తప్పు చెప్పిందమ్మా. నీ బిడ్డను నేనే పొట్టన పెట్టుకున్నా." ఆ తర్వాత ఎప్పుడు ఎదురుపడినా సైకిలు దిగి, తల వంచుకోని పక్కకు తప్పుకునేవాడు. వంచుకోవాల్సిన తల నాది. ఈపొద్దు చెప్తామా రేపు చెప్తామా అని ఆరేండ్లు గడిపిన పాపిష్టిదాన్ని.

చివరికి శవం దగ్గర వంగి, చెవిలో చెప్పినా. చెప్పి ఏం లాభం?

ఆయన భార్య వచ్చి నా చెయ్యి పట్టుకునింది. "మీ పాప పోయినకాడి నుంచి ఆయన కడుపునిండా తిన్లేదమ్మా. ఇంకన్నా ఆయన్ను మన్నించు."

"మన్నించినాలే అమ్మా" అంటి.

పాడె లేచేదాకా ఆయమ్మ నా చెయ్యి వదల్లేదు.