చాచా వేసిన ఆఖరి జాయింట్

"చాచా పోయిండు మేడం" అని ఎడపల్లి రైస్‌మిల్లు బాయిలర్ ఆపరేటర్ ఫోన్ చేసినప్పుడు నేను నిజామాబాద్‌లో పని మీద ఉన్నాను. బోధన్‌లో వాళ్లింటికి చేరేసరికి ఖబరస్తాన్‌కు తీసుకుపోయారు. ఆడవాళ్లు అక్కడికి వెళ్లరు. ఆఖరి చూపు దక్కలేదన్న దిగులు ఇంకా తగ్గలేదు.

చాచా వెల్డర్. ఆయన అతికిన పైపుల్లో లోపాలు వెతకడం నా ఉద్యోగం. జాయింట్ పక్కన జెల్ రాసి ప్రోబ్ ఆనిస్తే, చెవికందని శబ్దం ఇనుములోకి పోతుంది. లోపల పగులు ఉంటే తగిలి వెనక్కి వస్తుంది, తెర మీద గీత లేస్తుంది. నేను మొదటిసారి వెళ్లిన రోజు మిగతా వెల్డర్లు మొహం మాడ్చుకున్నారు. చాచా మాత్రం స్టూల్ తెచ్చి వేశాడు.

"కూసో బిడ్డా. నువ్వు తప్పు పడితేనే గద, బాయిలర్ కాడ నిలవడ్డోని పానం దక్కేది."

పరీక్ష అయ్యాక జెల్ నన్ను తుడవనిచ్చేవాడు కాదు. భుజం మీది రుమాలు తీసి, "నా జాయింట్ నేనే తుడుస్త" అనేవాడు. రుద్రూర్ దారిలో చెరుకు రసం తాగించేవాడు, గొంతు పట్టేస్తుందని ఐస్ వేయనిచ్చేవాడు కాదు. ఒకసారి గ్లాసు చేతికిస్తూ అన్నాడు, "నా చెయ్యి చెడ్డనాడు ముందుగాల నాకే చెప్పు. పెద్దోడని దాసకు."

ఆ రోజు ఎడపల్లి మిల్లులోనే వచ్చింది. గీత లేచింది. పోతుందేమోనని ప్రోబ్ అటూ ఇటూ జరిపాను. పోలేదు.

"చాచా, సరిగ్గా అతకలేదు."

ఆయన గ్రైండర్‌తో అక్కడే తొలిచి, లోపలి నల్లటి చారను వేలితో తడిమాడు. "ఉన్నది బిడ్డా. కండ్లు మసకైనయ్."

మళ్లీ అతికాడు. చల్లారాక చూస్తే గీత లేవలేదు. రుమాలుతో తుడిచి, వెల్డింగ్ హోల్డర్ కింద పెట్టాడు. మళ్లీ పట్టలేదు.

మొన్న ఆ మిల్లుకే వెళ్లాను. బాయిలర్ ఆర్పి ఉంది.

"గా చాచా జాయింట్ పాసైనదే గద మేడం, మల్లెందుకు?" అన్నాడు ఆపరేటర్.

"ఊరికే" అన్నాను.

పైపు చుట్టూ ప్రోబ్ జరుపుకుంటూ వచ్చాను. చిన్న లోపమైనా కనబడితే ఇంకాసేపు ఉండేదాన్ని. ఏమీ లేదు. పని అయిపోయింది. అలవాటు కొద్దీ పక్కకు జరిగి, రుమాలు కోసం చోటిచ్చి నిలబడ్డాను.

"గుడ్డ ఇయ్యాల్నా మేడం?"

వద్దన్నాను. చున్నీ కొసతో నేనే తుడిచాను.